నిలబడితే ఊపిరాడని చేప

మాదాపూర్‌లో ఉద్యోగం చేసే మా మేనల్లుడు జిమ్ము నుంచి వస్తూ ఒక డబ్బా కొనుక్కొస్తుంటాడు. అరచేతిలో ఇమిడే రేకు డబ్బా. మూత మీద రింగు పట్టుకుని లాగితే లోపల లేత గోధుమ రంగు ముక్కలు ఉప్పునీళ్లలో నానుతూ ఉంటాయి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి తరిగి కలిపి, నిమ్మకాయ పిండుకుని నిలబడే తినేస్తాడు. "ఏం చేపరా అది?" అని ఒకరోజు అడిగాను. "ట్యూనా మామయ్యా. ఎంత ప్రోటీనో తెలుసా?" అన్నాడు. ప్రోటీను సంగతి సరే, ఎక్కడి చేప అని అడిగితే డబ్బా తిప్పి చూసి "థాయ్‌లాండ్" అన్నాడు. థాయ్‌లాండ్‌లో డబ్బాకెక్కించారన్నమాట. ప్రపంచంలో ట్యూనా డబ్బాలు అందరికన్నా ఎక్కువ తయారుచేసేది ఆ దేశమే. ముడిచేప మాత్రం ఎక్కడెక్కడి సముద్రాల నుంచో ఓడల్లో గడ్డకట్టి వస్తుంది. ఈ చేప ఏ నీళ్లలో ఈదిందో డబ్బా మీద లేదు.

ఆ నీళ్ల సంగతి రోజూ లెక్కగట్టే కార్యాలయం మావాడి ఆఫీసుకు దూరమేమీ కాదు. ట్రాఫిక్ దయతలిస్తే అరగంట. హైటెక్ సిటీ దాటి, కూకట్‌పల్లి దాటి, నిజాంపేట దగ్గర ప్రగతినగర్ వైపు వెళ్తే భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం వస్తుంది. అంత పొడుగు పేరు ఎవరూ పలకరు, ఇన్‌కాయిస్ అంటారు. సైబర్ టవర్స్‌ను వాజపేయి ప్రారంభించింది 1998 నవంబరు 22న. మూడు నెలలు తిరక్కుండానే, 1999 ఫిబ్రవరి 3న, ఇన్‌కాయిస్ పుట్టింది. ఒకే ఊళ్లో, ఒకే కాలంలో, ఒకే సరుకుతో మొదలైన రెండు వ్యాపారాలివి. ఆ సరుకు సమాచారం. మొదటిదాని గురించి ఊరూవాడా తెలుసు. సముద్రానికి దాదాపు 300 కిలోమీటర్ల దూరంలో, రాళ్లగుట్టల మధ్య కూర్చుని సముద్రాన్ని చదివే రెండోదాని గురించి, ఏదైనా సునామీ హెచ్చరిక వచ్చినరోజు తప్ప, నగరానికి పెద్దగా పట్టింపు లేదు.

ఇక చేప దగ్గరికి వద్దాం. మన తీరంలో ట్యూనా జాతులను సూర అంటారు, కొన్నిచోట్ల తూర అంటారు. సొరతో కలపకండి. సొర అంటే షార్కు. సూరల్లో మన కథానాయకుడు పసుపు రెక్కల ట్యూనా. వీపు మీదా పొట్ట కిందా కొడవళ్లలా వంగిన పసుపు రెక్కలు, ముట్టుకుంటే జారిపోయే నున్నటి ఒళ్లు, తోక మొదట్లో చేతి మణికట్టంత సన్నం. మీటరున్నర పొడుగు చేప మన బోట్లకు పడటం వింతేమీ కాదు.

ఈ చేప గురించి మొట్టమొదట తెలియాల్సింది, అది నిలబడలేదన్న సంగతి. చెరువులో బొచ్చె ఒకచోట నిలబడి, నోరు తెరుస్తూ మూస్తూ మొప్పల మీదికి నీళ్లు తోడుకుంటుంది. ట్యూనా ఆ విద్య పోగొట్టుకుంది. నోరు కొంచెం తెరిచి ముందుకు దూసుకుపోతుంటేనే నీళ్లు మొప్పల మీదుగా పారతాయి. ఆగితే ఊపిరి ఆగినట్టే. పైగా దాని ఒళ్లు నీటికన్నా బరువు. స్కిప్‌జాక్ అనే చిన్న జాతి సూరకైతే మునగకుండా కాపాడే గాలితిత్తి అసలే లేదు. ఈత మానితే ఊపిరాడకపోవడమే కాదు, మునిగిపోతుంది కూడా. ఒక మీటరు పొడుగు ట్యూనా తీరిగ్గా సెకనుకు ఒక మీటరు చొప్పున ఈదిందనుకోండి, రోజుకు 86 కిలోమీటర్లు అవుతుంది. మన అవుటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు. రెండు రోజులు నిండకముందే ఒక చుట్టు పూర్తిచేసి, టోలు కట్టకుండా రెండో చుట్టు మొదలుపెడుతుంది. గుడ్డులోంచి బయటపడి రెక్కలొచ్చినప్పటి నుంచి చచ్చేదాకా ఇదే పని. నిద్రపోతుందా అంటే, మనం అనుకునే నిద్ర కాదు.

రెండో విచిత్రం దాని వేడి. చేపలన్నీ చల్లటి రక్తం జీవులని బడిలో చదువుకున్నాం. జాన్ డేవీ అనే ఆంగ్లేయ వైద్యుడు, రసాయన శాస్త్రజ్ఞుడు హంఫ్రీ డేవీకి తమ్ముడు, సింహళంలో సైన్యంలో పనిచేసినవాడు, సూర ఒంట్లో థర్మామీటరు గుచ్చి చూసి అది చుట్టూ ఉన్న నీటికన్నా దాదాపు 10 డిగ్రీల సెల్సియస్ వేడిగా ఉందని 1835లో ప్రకటించాడు. అది ఎలాగో అర్థం కావడానికి ఇంకో నూటముప్పై ఏళ్లు పట్టింది. 1966లో అమెరికాలోని వుడ్స్ హోల్‌లో ఫ్రాంక్ కేరీ, జాన్ టీల్ ఆ చేప కండరాల్లో రక్తనాళాల అల్లిక వేడిని ఎలా పట్టి ఉంచుతుందో చూపించారు.

ఆ అల్లిక ఎలా పనిచేస్తుందో చెప్పడానికి రాయదుర్గం మెట్రో స్టేషను చాలు. పక్కపక్కనే రెండు ఎస్కలేటర్లు, ఒకటి పైకి, ఒకటి కిందికి. పైకెళ్లేవాళ్లంతా చేతిలో వేడి టిఫిన్ డబ్బాలతో బయల్దేరి, ఎదురుగా దిగుతున్నవాళ్ల చేతిలో వాటిని పెట్టేస్తున్నారనుకోండి. మనుషులు పైకి పోతూనే ఉంటారు, డబ్బాలు మాత్రం కిందే తిరుగుతుంటాయి. కండరాల్లో పుట్టిన వేడిని మోసుకొచ్చే రక్తం, మొప్పల నుంచి చల్లగా వచ్చే రక్తం వెంట్రుకల్లాంటి నాళాల్లో ఎదురెదురుగా పోతాయి. ప్రాణవాయువు తన దారిన తాను పోతుంది, వేడి మాత్రం చేతులు మారి కండరంలోనే మిగిలిపోతుంది. వేడి కండరం త్వరగా ముడుచుకుంటుంది, అలుపు త్వరగా తీర్చుకుంటుంది. చల్లటి నీళ్లలోకి దిగినా బలం తగ్గదు.

గుండెకు మాత్రం ఈ సుఖం లేదు. గుండె ఉన్నది ఆ అల్లికకు అవతల, మొప్పల పక్కన. అది ఎప్పుడూ నీళ్లంత చల్లగానే ఉంటుంది. లోతుకు దిగేకొద్దీ కండరాలు వేడిగా పరుగెత్తమంటుంటే గుండె చలికి మందగిస్తుంది. అందుకే పసుపు రెక్కల ట్యూనా లోతుకు దూకి, వేటాడి, మళ్లీ పైకొచ్చి గుండె కాచుకుంటుంది. సీషెల్స్ దగ్గర ట్యాగు కట్టి వదిలిన ఒక చేప 1,160 మీటర్ల లోతుకు దిగినట్టు 2006లో లారాన్ డగోర్న్ బృందం రాసింది. అక్కడ నీళ్లు 6 డిగ్రీల కన్నా చల్లన. మామూలు రోజుల్లో మాత్రం దాని కాపురమంతా పై వంద మీటర్లలోనే.

మన బంగాళాఖాతంలో ఆ పై పొర ఇంకా పల్చన. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ కుమ్మరించే మంచినీళ్లు ఉప్పునీటి మీద మీగడలా పరుచుకుని పైనీళ్లు కిందనీళ్లతో కలవకుండా అడ్డుపడతాయి. కిందికి ప్రాణవాయువు దిగదు. వంద, నూటయాభై మీటర్ల కింద నీళ్లలో ఊపిరి పీల్చదగ్గ గాలి బాగా తక్కువ. పెద్దకన్ను ట్యూనా అనే ఇంకో జాతి అలాంటి చోట కూడా నెగ్గుకొస్తుంది, దాని రక్తం తక్కువ ప్రాణవాయువునైనా గట్టిగా పట్టుకోగలదు. పసుపు రెక్కలది అలా కాదు. ఒకే గదిలో ఇరుక్కున్న కుటుంబంలా పైపొరలోనే ఉండిపోతుంది. శాస్త్రవేత్తకు ఇది ఆవాసం కుంచించుకుపోవడం. గాలం వేసేవాడికి చేప ఎన్ని బారల లోతులో దొరుకుతుందో తెలియడం. సంగతి ఒకటే.

ఈ అధ్యాయమంతా ఆ ఒక్క సంగతి చుట్టూనే. ట్యూనా అలవాటు ఒక్కొక్కటీ బయటపడేకొద్దీ దానికి తగ్గ వల ఒక్కొక్కటీ పుట్టింది. ఏ పులినీ, ఏ ఏనుగునూ మనం ఇంత శ్రద్ధగా చదివి ఇంత పొదుపుగా పట్టుకోలేదు.

చేప ఎటు పోతుందో తెలుసుకోవడానికి పాత పద్ధతి, వీపులో ఒక పసుపుపచ్చ ప్లాస్టిక్ పురికొస గుచ్చి వదలడం. దాని మీద అంకె ఉంటుంది. పట్టుకున్నవాడు తిరిగి ఇస్తే బహుమతి. 2005 నుంచి 2007 వరకు టాంజానియా తీరం కేంద్రంగా హిందూ మహాసముద్రంలో ఇలా 1,68,000కు పైగా సూరలకు పురికొసలు గుచ్చారు. పోయిన ఉత్తరాలకు జవాబుల్లాగా వేల సంఖ్యలో తిరిగొచ్చాయి. అయితే పురికొస చెప్పేది రెండే ముక్కలు: ఎక్కడ వదిలారు, ఎక్కడ దొరికింది. నడుమ ఏం జరిగిందో చెప్పదు.

నడుమ జరిగింది చెప్పేది ఉపగ్రహ ట్యాగు. మైకు ఆకారంలో ఉంటుంది. చేప వీపు కండరంలో చిన్న బాణపు మొనతో నాటుతారు. కొన్ని సెకన్లకోసారి లోతు, నీటి వేడి, వెలుతురు రాసుకుంటూ పోతుంది. ముందే పెట్టిన రోజుకు దానంతటదే చేప నుంచి ఊడి, పైకి తేలి, రాసుకున్నదంతా ఉపగ్రహానికి పంపుతుంది. 1997లో అట్లాంటిక్‌లో బార్బరా బ్లాక్, మాలీ లట్‌కావేజ్ బృందాలు ఇలాంటివాటిని తొలిసారి బ్లూఫిన్ ట్యూనాలకు కట్టాయి. ఇన్‌కాయిస్ 2010 దశకంలో శాట్‌ట్యూనా పేరుతో ఆ పని మన సముద్రాల్లో చేపట్టింది. ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియా, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, కొచ్చిలోని సముద్ర జీవ వనరుల కేంద్రం తోడయ్యాయి. చేపను బతికుండగా పైకి లాగి, కళ్లకు తడిబట్ట కప్పి, ట్యాగు నాటి, మళ్లీ నీళ్లలోకి జార్చాలి. ఒక్కో ట్యాగు ధర లక్షల్లో. అంత ఖరీదైన పరికరం వీపున పెట్టుకుని చేప ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోతుంది.

ట్యాగులో జీపీఎస్ ఉండదు, నీళ్లలో జీపీఎస్ పనిచేయదు. మరి చేప ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? సూర్యుణ్ని చూసి. మన పంచాంగం రాసేవాడికి బాగా తెలిసిన విద్యే ఇది. సూర్యోదయం, సూర్యాస్తమయం ఎప్పుడయ్యాయో వెలుతురు లెక్కలోంచి తీస్తారు. రెంటికీ సరిగ్గా మధ్య మిట్టమధ్యాహ్నం. అది నాలుగు నిమిషాలు ముందు పడితే ఒక రేఖాంశం తూర్పున ఉన్నట్టు. దినప్రమాణం, అంటే పగటి నిడివి, అక్షాంశం చెబుతుంది. ఉత్తరాదిన వేసవి పగలు ఎంత పొడుగో, దక్షిణాన అంత పొట్టి. ఈ లెక్క ఐరోపా దగ్గర హాయిగా పనిచేస్తుంది. మన దగ్గర కష్టం. విశాఖపట్నంలో ఏడాదిలోకెల్లా పొడుగు పగలు పదమూడు గంటలకు కాస్త పైన, పొట్టి పగలు పదకొండు గంటలకు కాస్త పైన. అంత చిన్న తేడాలో చేప జాడ వెతకాలి. మార్చిలో, ఉగాదికి కాస్త అటూ ఇటూగా, పగలూ రాత్రీ భూమి మీద అన్నిచోట్లా సమానమయ్యే రోజుల్లో అయితే ట్యాగుకు అక్షాంశం పూర్తిగా తప్పిపోతుంది. రామేశ్వరంలో ఉందో కాకినాడలో ఉందో చెప్పలేదు. పైగా మన చేప తెల్లవారగానే లోతుకు దూకుతుంది. రాత్రి పైకొచ్చిన చిన్న చేపలు, స్క్విడ్లు వెలుతురు రాగానే కిందికి దిగిపోతాయి, వాటి వెనకే ఇదీ పోతుంది. సూర్యోదయం లెక్కవేద్దామనే సమయానికి ట్యాగు చీకట్లో ఉంటుంది. అప్పుడు ట్యాగు రాసుకున్న పైనీటి వేడిని ఉపగ్రహం చూసిన పైనీటి వేడితో సరిపోల్చి, ఎక్కడ సరిపోతే అక్కడుందని దిద్దుకుంటారు. ప్రగతినగర్‌లో కంప్యూటర్ల ముందు కూర్చుని చేసే పనిలో ఇదొకటి. పక్కింటి సాఫ్ట్‌వేర్ పిల్లాడు చేసే డేటా శుద్ధికి దీనికీ పెద్ద తేడా లేదు, ఇక్కడ కస్టమరు ఫిర్యాదు చేయడు, అంతే.

ఇన్‌కాయిస్ తెల్లవారితే చేసే అసలు పని ఇది కాదు. ఎక్కడ వేటకు వెళ్తే చేప దొరికే అవకాశముందో చెప్పడం. ఉపగ్రహం సముద్రపు రంగు చూస్తుంది. శ్రీహరికోట నుంచి 1999లో, 2009లో, 2022లో ఎగిరిన ఓషన్‌శాట్‌లు ఇందుకే. పచ్చదనం ఉందంటే నీటి నాచు ఉందన్నమాట. నీటి వేడి కూడా చూస్తుంది. వేడినీళ్లూ చల్లనీళ్లూ కలిసే అంచుల దగ్గర ఆ నాచూ, దాన్ని తినే పురుగులూ, వాటిని తినే చిన్న చేపలూ పోగవుతాయి. ఆ అంచుల పటం గీసి, పూడిమడక నుంచో కాకినాడ నుంచో ఏ దిక్కుకు, ఎన్ని కిలోమీటర్లు, అక్కడ ఎంత లోతు అన్నది తెలుగులోనే పంపుతారు. ఫోనుకు సందేశం, జెట్టీ దగ్గర వెలిగే బోర్డు. ఫోను సిగ్నలు తీరం నుంచి పది పన్నెండు కిలోమీటర్లకే ఆగిపోతుంది కాబట్టి, ఉపగ్రహం నుంచి నేరుగా సందేశం అందుకునే జెమిని అనే పరికరం 2019లో వచ్చింది.

ఈ పద్ధతి కవళ్లకూ కానాగంతలకూ బాగా కుదురుతుంది. సూరకు అంత సులువుగా కుదరదు. సూర నాచుకు నాలుగైదు మెట్లు పైన ఉంటుంది. నల్లమలలో గడ్డి ఎక్కడ పచ్చగా ఉందో విమానంలోంచి చూసి పులి ఎక్కడుందో చెప్పమన్నట్టు ఉంటుంది. గడ్డి మొలిచిన నాటికీ పులి వచ్చే నాటికీ నడుమ రోజులు పడతాయి, ఈలోగా ప్రవాహం ఆ నీళ్లను ఎక్కడికో లాక్కుపోతుంది. అందుకే పసుపు రెక్కల ట్యూనాకు ఇన్‌కాయిస్ విడిగా సూచనలు ఇస్తుంది. ట్యాగుల పని ఇక్కడ కలిసొచ్చింది: ఏ వేడిలో, ఏ లోతులో ఆ చేప మసలుతుందో తెలిస్తేనే సూచనకు అర్థం.

ఈ సూచనలు అందుకునేది ఎవరు? అనకాపల్లి జిల్లా పూడిమడక లాంటి ఊళ్లు. ఫైబరు తెప్పకు మోటారు కట్టుకుని, నలుగురైదుగురు కలిసి రాత్రివేళ బయల్దేరి, గాలాలతో సూరనూ కొమ్ముకోనాన్నీ పట్టేవాళ్లు. తీరానికి ఆవల ఖండతీరపు అంచు మన దగ్గర ఇరుకు. కాసేపటికే లోతు నీళ్లు వస్తాయి, కాబట్టి చిన్న తెప్పకైనా మహాసముద్రపు చేప అందుతుంది. మత్స్య పరిశోధన సంస్థకు చెందిన ప్రతిభా రోహిత్, కె. రామ్మోహన్ ఆంధ్ర తీరంలో ఇలా పడిన పసుపు రెక్కల ట్యూనాల జీవలక్షణాలను 2009లో రాశారు. మరుసటి ఏడాది ప్రతిభా రోహిత్, జి. సైదారావు, రామ్మోహన్ ఆ చేపల పొట్టలు కోసి ఏం తింటున్నాయో చూశారు. చిన్న చేపలు, స్క్విడ్లు, పీతలు, ఏది దొరికితే అది. నీలి ఎడారిలో బతికేవాడికి ఎంచుకునే సౌకర్యం ఉండదు మరి.

చేత్తో గాలం పట్టి సూరను లాగడం ఏమిటో చూసినవాళ్లు చెబితేనే తెలుస్తుంది. దారం చేతుల్ని కోసేస్తుంది. చేప గంటసేపైనా పెనుగులాడుతుంది. ఆ పెనుగులాటలో మనం ఇందాక చెప్పుకున్న వేడి బయటికి పోదు, టిఫిన్ డబ్బాలు కిందే పేరుకుపోతాయి. కండరం ఉడుకుతుంది, ఆమ్లం చేరుతుంది, మాంసం ఎర్రగా మెరవాల్సింది పాలిపోయి మెత్తబడుతుంది. జపాన్‌వాళ్లు దాన్ని యాకే నికు, కాలిన మాంసం అంటారు. పచ్చిగా తినే సుషీకి పనికిరాదు. పైకి లాగాక వెంటనే రక్తం తీసి, మంచులో పాతిపెట్టాలి. తెప్పలో మంచుకు చోటెంత? అందుకే వలకు కాదు గాలానికి పడ్డ, పక్కచేపలేవీ బలికాని మేలైన పట్టు కూడా ఒడ్డుకొచ్చేసరికి తక్కువ ధరకు పోతుంటుంది. చేపను బాగా పట్టినవాడికి బాగా ముట్టదు. హైటెక్ సిటీలో సుషీ పళ్లెం ధర చూసినప్పుడల్లా నాకు ఈ మాటే తడుతుంది.

ఇప్పుడు అదే సముద్రంలో పడమటివైపు పోదాం. సూరకు ఇంకో అలవాటు ఉంది. నీళ్లలో తేలే దుంగ కనిపిస్తే దాని కింద చేరుతుంది. తినడానికి అక్కడేమీ ఉండదు, అయినా చేరుతుంది. ఎందుకన్నది ఇంకా తేలని ప్రశ్నే. పూర్వం దుంగలు నదుల నోట వరదకు కొట్టుకొచ్చేవి. గోదావరి వరదకు కొట్టుకుపోయిన చెట్టు సముద్రంలో ఎటు పోతే అటు మేత ఉన్న నీళ్లు ఉంటాయి, కాబట్టి దుంగ మేతకు గుర్తు అని ఒక వాదం. చెదిరిన గుంపులు మళ్లీ కలుసుకోవడానికి అదొక రచ్చబండ అని ఇంకో వాదం, పియర్ ఫ్రెయాన్, డగోర్న్‌లది. రెంటిలో ఏది నిజమైనా ఫలితం ఒకటే: దుంగ వేస్తే చేప వస్తుంది. రోజులో, వారాలో అక్కడే తిరుగుతుంది.

1980లలో ఐరోపా పెద్ద ఓడలు సీషెల్స్ కేంద్రంగా హిందూ మహాసముద్రంలోకి దిగాయి. వాటి వల సంచి లాంటిది. గుంపు చుట్టూ కిలోమీటరుకు మించిన వల తిప్పి, అడుగున తాడు లాగితే చేతిసంచి మూతి బిగించినట్టు మూసుకుంటుంది. దుంగ కోసం వెతకడం ఎందుకు, మనమే వేద్దాం అనుకున్నారు. వెదురు తెప్ప, కింద వేలాడే పాత వలల తోక, పైన ఒక బోయా. బోయాలో జీపీఎస్, సౌర పలక, కింద ఎంత చేప ఉందో శబ్దంతో కొలిచే యంత్రం. కెప్టెను తన గదిలో తెర ముందు కూర్చుంటే వందల తెప్పలు చుక్కలై కనిపిస్తాయి, ప్రతి చుక్క పక్కన కింద ఎన్ని టన్నులున్నాయో అంచనా. గచ్చిబౌలిలో ఏ డెలివరీ కంపెనీ గోడ మీదైనా కనిపించే తెరే ఇది. సరుకు మాత్రం తనంతట తానే గోదాములోకి నడిచొస్తుంది. ఒక్క చుట్టుకు పదుల టన్నులు, ఒక్కోసారి వంద దాటుతుంది. పూడిమడక తెప్ప ఏళ్ల తరబడి కష్టపడాలి ఆ లెక్కకు.

అసలు చిక్కు ఏ వయసు చేప వస్తుందన్న దగ్గర ఉంది. ఈత వేగం ఒంటి పొడవును బట్టి ఉంటుంది కాబట్టి ఒకే పొడవున్నవి కలిసి తిరుగుతాయి. పెరిగిన స్కిప్‌జాక్ ఎంత ఉంటుందో పసిపిల్ల పసుపు రెక్కలదీ, పెద్దకన్నుదీ దాదాపు అంతే ఉంటుంది. మూడూ దుంగ కింద కలిసే ఉంటాయి. స్కిప్‌జాక్ కోసం వేసిన వలలో గుడ్లు పెట్టే ఈడు రాని మిగతా రెండూ పడిపోతాయి. మా మేనల్లుడి డబ్బాలో ఉన్నది స్కిప్‌జాకే కావచ్చు. ఆ స్కిప్‌జాక్ వెనక ఎన్ని పసిచేపలో డబ్బా మీద రాయరు.

తెప్ప కింద వేలాడే పాత వలలకు చిక్కుకుని సిల్కీ షార్కులు చచ్చేవి. హిందూ మహాసముద్రంలో ఏటా 4.8 లక్షల నుంచి 9.6 లక్షల దాకా ఇలా చచ్చి ఉంటాయని జాన్ ఫిల్మాల్టర్ బృందం 2013లో అంచనా వేసింది. వల పైకి తీసేవాళ్లెవరూ ఉండరు, అందుకే అప్పటిదాకా లెక్కలోకే రాలేదు. ఆ తరువాత చిక్కుపడే వలలను నిషేధించారు. తప్పంతా ఐరోపాదే అనుకుంటే పొరపాటు. హిందూ మహాసముద్రంలో, మన ఇరుగుపొరుగు దేశాలూ మనమూ సూరకు వేసే తేలుడు వలల్లో 1950 నుంచి 2018 వరకు డాల్ఫిన్ల వంటి చిన్న తిమిజాతి జీవులు దాదాపు 41 లక్షలు చచ్చాయని చార్లెస్ ఆండర్సన్ తదితరులు 2020లో లెక్కగట్టారు. చిన్న పడవ కాబట్టి పాపం చిన్నదని అనలేం. మాల్దీవుల్లోనూ మన మినికాయ్‌లోనూ వెదురు గడకు ఒకే గాలం కట్టి ఒక్కొక్క స్కిప్‌జాక్‌నే పైకి విసిరే పద్ధతి ఇప్పటికీ ఉంది. లక్షల టన్నుల సముద్రంలో అది తక్కువ భాగం.

ఈ మొత్తం పట్టుకు లెక్కలు రాసే సంస్థ హిందూ మహాసముద్ర ట్యూనా కమిషన్, సీషెల్స్ రాజధాని విక్టోరియాలో ఉంది. మన దేశమూ సభ్యురాలే. పసుపు రెక్కల ట్యూనాను మొత్తం సముద్రానికి ఒకే కుటుంబంగా ఆ సంస్థ లెక్కిస్తుంది. మన ప్రత్యేక ఆర్థిక మండలంలో, 370 కిలోమీటర్ల గీత లోపల, "పట్టకుండా మిగిలిపోయిన" ట్యూనా చాలా ఉందని తరచూ వింటుంటాం. ఆ గీత చేపకు తెలియదు. ఈ నెల మన దగ్గర మిగిలినది వచ్చే నెల సోమాలియా దగ్గర ఎవరి వలలోనో ఉంటుంది. కాబట్టి మిగులు అన్న మాట నాకు నమ్మబుద్ధి కాదు.

పట్టు పెరిగితే చేప పెరిగినట్టు కాదనడానికి 2004 ఒక పాఠం. ఆ ఏడాది పసుపు రెక్కల పట్టు ఐదు లక్షల టన్నులు దాటింది. పడమటి సముద్రంలో మేత ఒకచోట దట్టంగా పోగుపడటంతో గుంపులన్నీ అక్కడికే చేరాయన్నది ఒక వివరణ. చేప ఎక్కువై కాదు, ఒకచోటికి చేరి సులువుగా దొరికింది. తర్వాత పట్టు పడిపోయింది. 2015లో ఈ జాతి మితిమీరి పట్టబడిందని కమిషన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. 2016లో కోతలు నిర్ణయించారు. అభ్యంతరం రాసిచ్చిన దేశానికి కమిషన్ తీర్మానం వర్తించదన్న నిబంధన ఉంది, దాన్ని వాడుకున్నవాళ్లు ఉన్నారు. 2024 చివర్లో కొత్త లెక్క వేస్తే ఈ జాతి ప్రమాదం నుంచి బయటపడిందని తేలింది. అది చేప కోలుకోవడమా, లెక్కకట్టే పద్ధతి మెరుగుపడటమా అన్నది ఇద్దరు శాస్త్రవేత్తలను కూర్చోబెడితే మూడు జవాబులొచ్చే ప్రశ్న.

తేలే బోయాల సంఖ్యను కూడా కమిషన్ తగ్గిస్తూ వచ్చింది, ఓడకు 2015లో 550, 2019లో 300. 2023 ఫిబ్రవరిలో కెన్యాలోని మొంబాసాలో, ఏటా 72 రోజులు ఆ తెప్పల దగ్గర వేట ఆపాలన్న తీర్మానం ఓటింగులో నెగ్గింది. అభ్యంతరాలు వెల్లువెత్తాయి, అమలుకు నోచుకోలేదు.

మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మోటారు తెప్ప నీళ్లలోకి దిగకూడదు. ఈ నిబంధనకు అభ్యంతరం రాసిచ్చే వీలు పూడిమడకకు లేదు. ప్రభుత్వం కుటుంబానికి ఇచ్చే భృతి 2025 నుంచి 20,000 రూపాయలు. ఆ రోజుల్లో ఇన్‌కాయిస్ కూడా ఈ తీరానికి వేట సూచనలు ఆపేస్తుంది. ప్రగతినగర్‌లో ఉపగ్రహం నుంచి పటాలు మామూలుగానే దిగుతుంటాయి, పచ్చటి అంచులు మామూలుగానే కదులుతుంటాయి. జెట్టీ బోర్డు మీద మాత్రం చేప జాడ ఉండదు. అవతల, గీత దాటాక, వెదురు తెప్పల మీది బోయాలు తమ కింద ఎన్ని టన్నులు చేరాయో గంటగంటకూ చెబుతూనే ఉంటాయి.

అలాంటి వేసవిలో ఎక్కడో ఒక ట్యాగు గడువు తీరి చేప వీపు నుంచి ఊడిపోతుంది. చురుక్కుమన్న నొప్పి ఏదైనా ఉంటే ఉండొచ్చు. చేప ఆగదు, ఆగడం దానికి రాదు. ట్యాగు పైకి తేలి, అలల మీద ఊగుతూ, ఉపగ్రహం నెత్తిమీదికి వచ్చినప్పుడల్లా ముక్కలు ముక్కలుగా తన దగ్గరున్న నెలల కథంతా చెబుతుంది: ఏ రాత్రి ఎంత లోతు, ఏ ఉదయం ఎంత చలి. బ్యాటరీ అయిపోయేదాకా చెబుతూనే ఉంటుంది. అప్పటికి చేప ఏ నాలుగైదు వందల కిలోమీటర్ల అవతలో ఉంటుంది.